చంద్రి పాతిన గూటాలు

"ఉన్న కొలువు ఇడిసిపెట్టి నీ ఎంబడి వచ్చినంక రాష్ట్రం రాకపాయె, సీటు రాకపాయె, నౌకరి రాకపాయె అనుకో. అప్పుడు నా కొడుకును ఏం పెట్టి సాదాలె, చెప్పు?"

లత ఈ మాట అన్నది జనగామ అవతల ఒక పొలం గట్టు మీద. ఇప్పచెట్టు కింద ఇద్దరూ వంగి, రాలి కుళ్లుతున్న పండ్లను పిసికి గింజలు తీస్తున్నారు. రెండు వేల పదకొండు, జూలై మొదట్లో మాట. వాన ఒకసారి కురిసి ముఖం చాటేసింది. చేతుల నిండా జిగురు, చుట్టూ ఈగలు. చంద్రి తల ఎత్తలేదు.

"నీ చేతిల ఉన్న గింజ చూడక్కా. పురుగు తొలిసింది. అవతల పారెయ్యి."

"నేను అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?"

"నువ్వు అడిగినదానికి నాకు జవాబు తెల్వది. గింజకు పురుగు పట్టిందని తెలుసు. తెలిసింది చెప్పిన."

లతకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. చంద్రితో ఎప్పుడూ ఇంతే.

లత జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. కొడుకు విశాల్‌కు రెండో ఏడు నడుస్తోంది. వాడు తుమ్మితే దవాఖాన, దగ్గితే దవాఖాన. ఒక పూట సరిగా తినకపోతే తన పాత పుస్తకాలు తిరగేసి, వాడికి లేని రోగాలన్నీ అంటగట్టి తానే ఏడ్చేది. భర్త దయాకర్ ఎరువుల దుకాణంలో పనిచేసేవాడు. "చెట్ల సదువు సదివినవు గాబట్టి సరిపాయె. డాక్టరు సదువు సదివితె మనందరం దవాఖాన్లనే కాపురముందుము" అని ఎగతాళి పట్టించేవాడు. అత్త సమ్మక్క మాత్రం ఏమీ అనేది కాదు, మనవడిని చంకనేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయేది.

చదువుకునే రోజుల్లో లతకూ పరిశోధన చేయాలని ఉండేది. పెళ్లయింది, పురుడొచ్చింది, ఆ వెంటనే కాలేజీ పాఠాలు మొదలయ్యాయి. కోరిక ఎక్కడికీ పోలేదు కానీ, దాన్ని పైకి తీయాలంటేనే భయమేసేది. ఎమ్మెస్సీలో తనకంటే ఒక ఏడు చిన్నదైన బానోత్ చంద్రికి పరిశోధనలో సీటు వచ్చిందని తెలిసినప్పుడు సంతోషంతో పాటు ఒక లెక్క కూడా మనసులో వేసుకుంది. చంద్రి నిలబడితే తానూ దరఖాస్తు పెడుతుంది. చంద్రి అంతటి మొండిదే నిలబడలేకపోతే, తన వల్ల కానే కాదు.

చంద్రిది కొత్తగూడ అడవి అంచున ఒక తండా. తండ్రి భోజ్యాకు అడవి కొట్టి చేసుకున్న, పట్టా లేని పోడు భూమి కొద్దిగా ఉంది. పంట చేతికి రాగానే భోజ్యా, కమ్లీ మూటలు కట్టుకుని పట్నం పనులకు పోయేవాళ్లు, మళ్లీ తొలకరికి తిరిగొచ్చేవాళ్లు. చంద్రి చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర, ఆ తర్వాత ప్రభుత్వ హాస్టళ్లలో పెరిగింది. మానుకోటలో డిగ్రీ, వరంగల్‌లో ఎమ్మెస్సీ. తోటివాళ్లందరూ టీచరు పరీక్షలకో పోలీసు పరీక్షలకో చదువుకుంటుంటే ఆమె చెట్ల మీద పరిశోధన చేస్తానంది. ఆ మాట తండాలో పెద్ద నవ్వులాట అయింది. తండా పెద్ద ధర్మా నాయక్ అందరి ముందే అడిగాడు.

"చెట్టు నరికితె జైలుల ఏస్తరు గద బిడ్డా. ఊకె నిలవడి చూస్తె జీతమిస్తరా?"

"ఇస్తరు కాకా. నువ్వొస్తవా?"

"నేను గిన్నేండ్ల సంది చూస్తున్న. ఎనకటి బాకీ గూడ ఇప్పిస్తవా మరి?"

ఆమె చూడాలనుకున్నది ఇది. కొత్తగూడ అడవిలో ఉన్న ఇప్పచెట్టు, జనగామ గట్టు మీది ఇప్పచెట్టు ఒకే జాతివి. అయితే జనగామ చెట్టు తరతరాలుగా కరువును ఓర్చుకుంటూ వచ్చింది. భూపాలపల్లి వైపు టేకుమట్ల చెట్టు వాగు నీళ్లకు అలవాటు పడింది. ఈ తేడా చెట్టు నిలుచున్న మట్టిదేనా, లేక గింజలోకి కూడా దిగిందా? దిగితే ఆ చెట్టు తన నేలకు తగ్గట్టు తరం వెంట తరం మారుతూ వస్తోందని అర్థం. అడవి పోయిన చోట మళ్లీ నాటాలనుకునేవాళ్లు ఏ ఊరి గింజ నాటాలో అప్పుడు తెలుస్తుంది. దీన్ని తేల్చడానికి దారి ఒకటే. మూడు చోట్ల గింజలనూ ఒకే నేలలో, ఒకే వానకు మొలిపించాలి. ఎండాకాలం దాకా ఏది నిలుస్తుందో, ఏది వాడిపోతుందో చూడాలి.

వినడానికి తేలికే. కానీ ఇప్పగింజ దాచుకునే గింజ కాదు. పండులోంచి తీశాక కొన్నాళ్లకే దాని ప్రాణం పోతుంది. ఆ ఏడు గింజ రాలే రోజుల్లోనే తెలంగాణ కోసం బందులు మొదలయ్యాయి. బస్సులు డిపోలు దాటి రావడం లేదు, రైళ్లను నమ్మడానికి లేదు. సీటు వచ్చిన తొలి ఏడాది పని డిసెంబరులో కమిటీ ముందు పెట్టాలి. పెట్టడానికి ఏమీ లేకపోతే సీటు రద్దవుతుందని గైడు హన్మంత్ సార్ ముందే చెప్పాడు. వచ్చే ఏడు గింజలేరుకుందామనే వీలు చంద్రికి లేదు.

జనగామ గింజలు ఏరిన మర్నాడే ఆమె టేకుమట్లకు బయలుదేరింది. పరకాల దాటాక బండ్లు దొరకలేదు. జెండాలు కట్టుకుని మీటింగుకు పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. ఎక్కినందుకు జై తెలంగాణ అని గట్టిగా అనమన్నారు. ఆమె గొంతు పగిలేలా అంది. తిరుగు ప్రయాణంలోనూ అదే ఆటో ఎదురైంది. ఈసారి ఆమె భుజాన గోనెసంచి ఉంది.

"సంచిల ఏందక్కా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"ఇప్పగింజలు."

"సారా కాగబెడతవా ఏంది?"

"సారా పువ్వుతోటి కాగబెడతరు, గింజతోటి కాదు. గిది గూడ తెల్వకుండ తెలంగాణ ఎట్ల తెస్తరు రా మీరు?"

ఆటో అంతా ఘొల్లుమంది. నర్సంపేట రోడ్డు దాకా దింపి మరీ పోయారట. ఫోనులో ఇది చెప్పి చంద్రి పకపకా నవ్వింది. లత నవ్వలేదు. ఒంటరి ఆడపిల్ల, ముక్కూ మొహం తెలియని మనుషులు, బందు రోజు. "ఏమన్న అయితె ఎట్లనే?" అంటే, "అయితె అప్పుడు చూద్దుం, గింజలు మాత్రం మంచిగున్నయి" అని జవాబు వచ్చింది.

నాటడం భోజ్యా పోడులోనూ, దాన్ని ఆనుకుని ఉన్న తండావాళ్ల పోడు చేలల్లోనూ. వాలుగా ఉన్న నేల అది. మధ్య మధ్య పాత చెట్ల మొద్దులు, రాళ్లు. ఒక దగ్గర జనగామ గింజలన్నీ, మరో దగ్గర టేకుమట్లవన్నీ వేస్తే మట్టి తేడా గింజ తేడాలో కలిసిపోతుంది. అందుకని చంద్రి చీటీలు తీసి, ఏ మడిలో ఏ ఊరి గింజ పడాలో నిర్ణయించింది. మొద్దులకూ రాళ్లకూ నడుమ ఎక్కడ చోటుంటే అక్కడ చేటెడు వెడల్పు మడి చేసి గింజలు పాతింది. ప్రతి మడి దగ్గర ఒక కర్ర గూటం కొట్టింది. గూటం నెత్తిన తెల్లరంగు, దాని మీద ఎర్రటి అంకె. ఏ అంకె ఏ ఊరిదో రాసి పెట్టుకుంది. మడికీ మడికీ మధ్య దూరాలు టేపుతో కొలిచి పటం గీయాలని ఆమెకు తెలియక కాదు. గింజలు చస్తున్నాయి, మబ్బు కమ్ముకొస్తోంది. గూటాలున్నాయి కదా, పటం తర్వాత గీద్దామనుకుంది. వాన దంచి కొట్టింది. ఆపైన ఆమె వరంగల్ పోయింది, పని మీద పని పడింది, పటం గీయడం కుదరనే లేదు.

"ఏంది బిడ్డా గిది?" అని భోజ్యా ఆ రోజే అడిగాడు.

"సదువు పని బాపు" అంది చంద్రి. ఆయన తల ఊపాడు. అంతకు మించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పుట్టి పెరిగిన చోటే కదా, తనవాళ్లకు చెప్పేదేముంటుందని ఆమె అనుకుంది. చెప్తే మళ్లీ ధర్మా కాక జీతం, ఎనకటి బాకీ అని ఆటపట్టిస్తాడని కూడా అనుకుంది.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. బడులు, కాలేజీలు, ఆఫీసులు, బస్సులు, బొగ్గు బావులు అన్నీ ఆగిపోయాయి. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటపాటలు. ఆ ఏడు జనగామ చౌరస్తాలో బతుకమ్మను నడిరోడ్డు మీదే ఆడారు. లత కూడా విశాల్‌ను ఎత్తుకుని ఆడింది, వాడికి దుమ్ము తగులుతోందని మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. కాలేజీ మూతపడింది, జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. రాష్ట్రం రావాలని ఆమెకూ గట్టిగా ఉంది. దాని కోసం ఎన్నాళ్లయినా కూర్చోవచ్చు, కానీ పిల్లవాడికి పాలు ఆపి కూర్చోలేం కదా అని రాత్రీ పగలూ లోపల్లోపల నలిగేది.

దసరా వెళ్లిన మర్నాడు చంద్రి ఫోన్ చేసింది.

"అక్కా, మొలకలు కొలవాలె. ఒక్కదానితోటి కాదు. ఒకరు కొలిస్తె ఒకరు రాయాలె. మానుకోట దాక రైలుకు రా, ఆడికెళ్లి ఆటోలు నడుస్తున్నయి."

లత ఒక రోజంతా ఊగిసలాడింది. చివరికి దయాకరే, "పో. ఇంట్ల ఉండి నువ్వు చేసేదేంది, వాని నెత్తి పట్టి చూసుడే గద" అన్నాడు. తెల్లవారుజామున విశాల్ పక్కలోంచి మెల్లగా చేయి తీసుకుని, వాడు కదలకుండా తలగడ అడ్డం పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఇల్లు దాటింది. చూస్తే ఏడుస్తాడు, ఏడిస్తే తాను పోలేదు. పిల్లల తల్లులందరూ చేసే పనే అది.

మానుకోటలో రైలు దిగి, గూడూరు మీదుగా ఆటోలు మారి తండా చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చంద్రి కూడా అప్పుడే వరంగల్ నుంచి వచ్చి, భుజాన సంచీతో గుడిసె ముందు నిలబడి ఉంది. ఇద్దరూ అక్కణ్నుంచే పోడు మీదికి ఎక్కారు.

లత ముందు చూసింది అందమైన దృశ్యం. తెల్లని నెత్తులున్న గూటాలు వాలు పొడుగునా, ఒకరి చేను అంచు నుంచి ఇంకొకరి చేను అంచు దాకా, దారం పట్టి కొట్టినట్టు బారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క గూటానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఒకదానికి బంతిపూల దండ కూడా వేశారు.

"మీవాళ్లు నీ మొక్కలకు పూజ చేస్తున్నరే!" అంది లత మురిసిపోతూ.

చంద్రి ఒక గూటం దగ్గరికి పరుగెత్తి మోకాళ్ల మీద కూర్చుంది. దాని మొదట్లో ఇప్పమొలక లేదు. ఉత్త గడ్డి ఉంది. తర్వాతి దాని కిందా లేదు. పైన, మొద్దుల నడుమ, ఇప్పమొలకలు ఎక్కడివక్కడ పచ్చగా, జానెడు ఎత్తున ఉన్నాయి. వాటి పక్కన గూటం తీసిన బొక్కలు కూడా వానకు పూడిపోయాయి. ఏ మొలక జనగామదో, ఏది టేకుమట్లదో, ఏది తన ఇంటి అడవిదో చెప్పేది ఏదీ లేదు. ఇప్పమొలకలన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

చంద్రి కిందికి దిగింది. దిగడం కాదు, దూకింది. లత వెనక పరుగెత్తింది.

ధర్మా నాయక్ ఇంటి ముందర నలుగురు పోగయ్యారు. కాసేపట్లో తండా సగం అక్కడే ఉంది. మొదట చంద్రి ఏదో తమ భాషలో అరిచింది. ఆ తర్వాత లత ఉందని జ్ఞాపకం వచ్చి ధర్మా తెలుగులోకి దిగాడు.

"గట్ల ఒర్లకు బిడ్డా. నీ నౌకరికి దెబ్బ తగులొద్దనే గద మేం సప్పుడు చెయ్యలె."

"నాకు నౌకరి ఏడిది కాకా?"

"సర్వే నౌకరి! చెట్ల సదువన్నది ఉత్త సాకు అనుకున్నం. గూటాలు కొడితివి, నంబర్లు ఏస్తివి. పోడు పట్టాల సర్వే అట్లనే ఉంటది గద. మన పిల్ల ఆఫీసరై వచ్చి, పైవాళ్లకు తెల్వకుండ మనకు హద్దులు పెడుతున్నదని మురిసినం."

"మరి నన్ను ఒక్కమాట అడిగితె ఏం పోయె?"

"ఆఫీసరు నోరు తెరిసి చెప్తదా? అడిగితె నీకే కష్టం. మనమే సమజ్ చేసుకోవాలె అనుకున్నం."

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "నువ్వు కొట్టిన తీరు జర వంకర టింకర ఉండె. ఒకని చేన్ల రెండు పడె, ఒకని చేన్ల ఒక్కటి గూడ పడకపాయె. ఆఫీసులు బందు ఉన్నయి. సమ్మె ఇడిసినంక వచ్చి కొలిస్తరు గద, గప్పటిదాక సక్కగ పెడదామని..."

"సక్కగ పెట్టి పసుపు గూడ రాస్తిరి!"

"హద్దురాయికి రాయమా?"

ఆ మాటకు ఎవరో ముసలామె కిసుక్కున నవ్వింది, పక్కనున్న ఇద్దరు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు. చంద్రి మాత్రం నవ్వలేదు.

"మొదాలు జరిపిందెవరు?"

ధర్మా మీసం సవరించుకున్నాడు. అప్పుడు కమ్లీ గుంపులోంచి ముందుకు వచ్చి మొగుడి వైపు చేయి చూపింది.

"చెప్పు, నోరు పడిపోయిందా? మొదాలు జరిపింది మీ బాపే బిడ్డా."

భోజ్యా నేల చూపులు చూస్తూ అన్నాడు. "మన గూటం పక్కోని గట్టు మీదికి పోయినట్టనిపించింది. రేపు వాడు నాదంటె? గందుకే గింత ఇవతలకు గుంజిన. నన్ను చూసి గాడు, గాన్ని చూసి ఇంకోడు. పానం పోయినా భూమి పోవద్దు గద బిడ్డా."

చంద్రి మళ్లీ పోడు మీదికి ఎక్కి ఒక మొద్దు మీద కూర్చుంది. లత వెళ్లి పక్కన కూర్చుంది. డిసెంబరు ఎంతో దూరంలో లేదు.

లతే ముందు నోరు తెరిచింది. తాను సైన్సు చదువుకున్నదాన్నన్న నమ్మకంతోనే తెరిచింది.

"చంద్రీ, మరీ గంత పరేషాన్ కాకు. కొన్ని పొడుగున్నయి, కొన్ని పొట్టిగ, మందం ఆకులతోటి ఉన్నయి. పొడుగున్నవి టేకుమట్లవి అయితయి, పొట్టియి జనగామవి. చూస్తెనే ఎరుకైతాంది. ఎత్తు పట్టి విడదీసి రాసుకో. ఎవలకు తెలుస్తది?"

చంద్రి ఆమె వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొడుగున్నదాన్నల్ల టేకుమట్లది అని రాస్తె, ఆఖరుకు టేకుమట్ల గింజ పొడుగు పెరుగుతదని తేలుతది. నేనే పెట్టి నేనే తీసిన లెక్క. గిండ్ల చెట్టు చెప్పింది ఏమున్నదక్కా?"

లతకు చెంప మీద కొట్టినట్టయింది. పిల్లలకు ప్రయోగం అంటే ఏమిటో ఏటేటా చెప్పే మనిషి తాను.

"మరి సీటు?"

"సీటు పోతె పోయిందని ఏడుస్త. దొంగలెక్క రాస్తె ఏడ్సెటందుకు గూడ మొకముండది." లేచి చీర దులుపుకుంది. "లే. ముట్టనియి ఏమన్న ఉన్నయేమో చూద్దాం."

ఉన్నాయి. గుడిసె వెనక, కమ్లీ మిరపమొక్కలు వేసుకున్న చోట కొన్ని మడులుండేవి. అది తగాదా లేని నేల, అక్కడి గూటాలు ఎవరూ జరపలేదు. పైన రాళ్ల సందున ఇంకొన్ని మిగిలాయి. ఊరంతటి ప్రయోగంలో గుప్పెడు. ఆ రోజూ మర్నాడూ ఇద్దరూ వంగిన నడుము ఎత్తకుండా వాటినే కొలిచారు. ఎత్తు, ఆకులు, కాండం లావు. ఈసారి టేపు పట్టి ప్రతి మడికీ దూరాలు కూడా కొలిచి పటం గీశారు. గూటాలు కదిపి ఆమె పని చెడగొట్టామని తెలిశాక తండావాళ్లు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ వచ్చి, "నాది గిక్కడికెళ్లి తీసిన", "నాది గా మొద్దు కాడిది కావచ్చు" అని చెప్పబోయారు. చంద్రి అందరికీ దండం పెట్టింది, ఒక్కటీ రాసుకోలేదు. 'కావచ్చు'తో ఆమెకు పని లేదు.

వచ్చిన రోజు సాయంత్రమే లత ఇంటికి ఫోన్ చేసింది. సమ్మక్క ఎత్తింది.

"పొద్దుగాల లేసి నీ కోసం ఇల్లంత దేవులాడిండు బిడ్డా. మంచం కింద చూసిండు, గోలెం ఎనక చూసిండు. గిప్పుడు మంచిగనే ఉన్నడు తియ్యి."

లత ఆ పూట కంచం అలాగే వదిలి లేచింది. చంద్రి అది చూసింది.

డిసెంబరులో కమిటీ కూర్చున్న రోజు లత కూడా వరంగల్ పోయి, గది బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. చంద్రి ఏదీ దాచలేదు. మిగిలినవి ఇవీ, పోయినవి ఇవీ అంది. పటం గీయకపోవడం తన తప్పంది. గూటాలు ఎందుకు కదిలాయో చెప్పేసరికి లోపల నవ్వులు వినిపించాయి. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, "మేకలు తిన్నాయని విన్నాను, వరద కొట్టుకుపోయిందని విన్నాను. పట్టాల కోసం ప్రయోగం పోవడం ఇదే వినడం" అన్నాడు. హన్మంత్ సార్ గొంతు సవరించుకున్నాడు. పెద్దాయనే మళ్లీ అడిగాడు.

"మిగిలిన గుప్పెడు మొక్కలతో ఏమీ తేలదమ్మా. వాటిని చూసి సీటు ఎందుకు ఉంచాలి?"

"తేలదు సార్. వచ్చే తొలకరికి మళ్ల గింజలు తెచ్చి మళ్ల నాటుత. మూడు ఊర్లల్ల ఏ చెట్టు కింద గింజలు తియ్యాల్నో ఇప్పుడు నాకు తెలుసు, ఎట్ల కొలవాల్నో తెలుసు, ఏం తప్పు చెయ్యొద్దో గూడ తెలుసు. కొత్తగ వచ్చేటోళ్లకు గివన్ని మొదాటికెళ్లి తెలుసుకునుడే."

"మళ్లీ పీకరని నమ్మకమేమిటి?"

"చెప్పి పాతుత సార్. పోయినసారి చెప్పలే."

ఆమెను బయట కూర్చోమన్నారు. బెంచీ మీద లత పక్కన కూర్చుని, చంద్రి గోడకు ఉన్న సున్నాన్ని గోటితో గీకుతూ ఉండిపోయింది. లత ఆమె రెండో చేయి పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది. ఇంత మొండి పిల్లకు కూడా భయం ఉంటుందని లతకు అప్పటిదాకా తెలియదు.

హన్మంత్ సార్ బయటికొచ్చి చెప్పాడు. సీటు ఉంది. మళ్లీ నాటాలి, ఏడాదిలో లెక్కలు చూపాలి, ఇంకోసారి ఇలా జరిగితే తాను కూడా అడ్డుపడలేడు. చంద్రి తల ఊపి, అప్పుడు ఏడ్చింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "నడువక్కా, ఆకలైతాంది" అంది.

ఆ ఎండాకాలంలో జనగామ మెట్ట చెట్ల మీద పనిచేయడానికి ఇంకొకరు కావాలని హన్మంత్ సార్ దగ్గర ప్రకటన పడింది. లత దరఖాస్తు పెట్టింది, పరీక్ష రాసింది. ఇంటర్వ్యూకు వెళ్లింది, సీటు వచ్చింది. రాష్ట్రం ఇంకా రాలేదు. పిల్లవాడిని ఏం పెట్టి సాకాలన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. అయినా కాలేజీకి రాజీనామా ఇచ్చి వచ్చింది.

తొలకరికి ఇద్దరూ మళ్లీ గింజల సంచులతో తండాకు చేరారు. ఈసారి చంద్రి ఒక్క గుంత తవ్వక ముందే ఇల్లిల్లూ తిరిగింది. అందరినీ పోడు మీదికి పిలిచి, గింజలు చేతుల్లో పెట్టి, ఏ ఊరిదేదో చూపించి, గూటం మీద అంకె ఎందుకో చెప్పింది. ధర్మా నాయక్ చివరిదాకా విని అడిగాడు.

"అంటె పట్టాలకు గీనికి ఏం సంబంధం లేదన్నట్టు?"

"లేదు కాకా. పట్టా కావాల్నంటె దరఖాస్తు రాసిస్త. గూటం మాత్రం ముట్టకుండ్రి."

"గదేదో పోయినేడే చెప్తె పసుపన్న మిగిలేది గద!"

ఈసారి చంద్రి కూడా నవ్వింది. భోజ్యా అందరికంటే ముందు గూటం, సుత్తి అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ మొద్దు మీద కూర్చుని జొన్నరొట్టె, కారం తింటున్నారు. లత మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది.

"పిల్లగాడు ఏడ్సిండా అక్కా, నువ్వు వస్తాంటె?"

"లేదు, పండుకున్నప్పుడే వచ్చిన. చూస్తె ఇడుస్తడా?"

చంద్రి రొట్టె నమలడం ఆపింది. "మా యాడి, బాపు గూడ గట్లనే పోతుండె. పట్నం పోయేటప్పుడు నన్ను పండబెట్టి పోయేటోళ్లు. ఏడుస్తనని. లేసి చూస్తె అమ్మమ్మ తప్ప ఎవ్వలుండకపోయేది. ఆ తర్వాత వాళ్లు ఇంట్ల ఉన్న దినాలల్ల గూడ నాకు నిద్ర పట్టకపోయేది. కండ్లు మూస్తె పోతరేమో అని యాడి కొంగు ముడేసుకొని పండేదాన్ని. వాళ్ల మీద నాకు కోపం లేదు. నన్ను ఏడిపియ్యొద్దనే గద పోయిన్రు. నేను గూడ నా తండాకు గంతే చేసిన, చెప్పక ఎల్లిపోయిన. వాళ్లకు తోచింది వాళ్లు అనుకున్నరు."

"చెప్తె ఏడుస్తడే చంద్రీ. చూడలేను."

అది జరిగి కొన్నాళ్లయింది. లత ఇప్పుడు వారంలో సగం రోజులు మెట్ట చెట్ల కిందే ఉంటుంది. పొద్దున బయలుదేరేటప్పుడు విశాల్‌ను నిద్ర లేపుతుంది, వాడు కొంగు పట్టుకుని వాకిలంతా ఎగిరిపడి ఏడుస్తాడు, ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఆ సాయంత్రం పోడు మీద చంద్రి చెప్పినట్టే చేస్తుంది.

"ఏడిస్తె ఏడ్వనియ్యి అక్కా. వాని కండ్ల ముంగట్నుంచే పో. ఏడికి పోతున్నవో చెప్పు, ఎప్పుడొస్తవో చెప్పు, చెప్పిన యాళ్లకు రా."